బిల్లు చెప్పే జాతకం

చీరల షాపులో పరుపు మీద కూర్చోగానే సేల్స్‌మన్ అడిగే మొదటి ప్రశ్న ధర గురించి కాదు, రంగు గురించీ కాదు. "కట్టుకోడానికా అమ్మా, పెట్టడానికా?" అంటాడు. కట్టుకోడానికంటే ఒక ర్యాకు, పెట్టుబడికంటే ఇంకో ర్యాకు. పెట్టుబడి చీరలకు జరీ నిలుస్తుందా, రంగు దిగుతుందా అని ఎవరూ గుచ్చిగుచ్చి అడగరు. పాతిక చీరలూ ఒకేలా కనిపించకూడదు, ఏ ఆడపడుచుకూ తక్కువ పెట్టారన్న మాట రాకూడదు, మొత్తం లెక్క అనుకున్నదాంట్లో తేలాలి. అదే ఆవిడ తనకోసం ఒక్క చీర తీసుకోవాలంటే నలభై మడతలు విప్పిస్తుంది, గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో రంగు చూస్తుంది, చివరికి మొదట పక్కన పెట్టించిన చీరకే వస్తుంది. మనిషి ఒక్కరే, రోజు ఒక్కటే, పర్సూ ఒక్కటే. షాపువాడి కళ్లకు మాత్రం ఇద్దరు కస్టమర్లు.

కొనేవాళ్లను అవసరాన్ని బట్టీ, అలవాటును బట్టీ గుంపులు చేసుకుని, ఏ గుంపుకు తగ్గ సరుకు, ధర, పలకరింపు ఆ గుంపుకు సిద్ధం చేసుకోవడాన్నే వ్యాపార శాస్త్రంలో మార్కెట్ సెగ్మెంటేషన్ అంటున్నారు. దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టినవాడు వెండెల్ స్మిత్. 1956లో అమెరికాలోని 'జర్నల్ ఆఫ్ మార్కెటింగ్'లో ఆయన రాసిన వ్యాసం నిడివిలో చిన్నదే. మార్కెట్ అంటే ఒక్కటి కాదు, వేరు వేరు కోరికలున్న చిన్న మార్కెట్లు ఎన్నో కలిసి ఒక్కటిగా కనబడుతున్నాయి. జనాన్ని మన సరుకు వైపు వంచడం ఒక పద్ధతి, సరుకునే ఒక్కో గుంపుకు తగ్గట్టు మలచడం ఇంకో పద్ధతి అన్నాడాయన.

సిద్ధాంతం రాకముందే పని మాత్రం జరిగిపోయింది. హెన్రీ ఫోర్డ్ ఒకే కారు, చాలా ఏళ్లు ఒకే నలుపు రంగు, ధర మాత్రం ఏటికేడాది తక్కువ అన్నాడు. జనరల్ మోటార్స్‌లో ఆల్ఫ్రెడ్ స్లోన్ 1920లలో ఒక నిచ్చెన వేశాడు. కింద షెవర్లే, పైన కాడిలాక్, నడుమ ఓల్డ్స్‌మొబైల్, బ్యూయిక్. జీతం పెరిగినకొద్దీ మనిషి అదే కంపెనీలో ఒక మెట్టు ఎక్కాలన్నది ఎత్తు. 1927లో ఫోర్డ్ తన మోడల్ టి తయారీ ఆపేయాల్సి వచ్చింది.

మన దేశానికి వస్తే, సబ్బుల కంపెనీల నుంచి టీవీ ఛానెళ్ల దాకా ఇళ్లను తూచడానికి వాడుకునే ఉమ్మడి కొలమానం ఒకటుంది. 1988లో మార్కెట్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా దాన్ని తయారు చేసింది. తమాషా ఏమిటంటే అది ఆదాయం అడగదు. అడిగితే నిజం రాదని అందరికీ తెలుసు. ఒకాయన ఇన్‌కమ్ టాక్స్ భయంతో తగ్గించి చెబుతాడు, ఇంకొకాయన పరువు కోసం పెంచి చెబుతాడు, రైతుకు నెలవారీ ఆదాయమంటూ ఉండదు. అందుకని పట్టణాల్లో ఇంట్లో ప్రధానంగా సంపాదించే మనిషి చదువు, వృత్తి చూసి ఎ1 నుంచి ఇ2 దాకా ఎనిమిది తరగతులు చేశారు. పల్లెల్లో వృత్తికి బదులు ఇల్లు పక్కాదా, కచ్చాదా అని చూశారు.

2011లో పట్టణానికీ పల్లెకూ కలిపి కొత్త పట్టిక వచ్చింది. చదువుతో పాటు 11 వస్తువుల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మొదలైంది. కరెంటు కనెక్షన్, సీలింగ్ ఫ్యాన్, గ్యాస్ స్టవ్, టూ వీలర్, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, కారు, ఏసీ, వ్యవసాయ భూమి. ఎ1 నుంచి ఇ3 దాకా 12 తరగతులు. వచ్చిన చిక్కల్లా ఈ వస్తువుల్లో సగం చూస్తూండగానే అందరి ఇళ్లకూ చేరిపోయాయి. కరెంటు, ఫ్యాన్, టీవీ చేరాయి, 2016లో ఉజ్వల పథకం మొదలయ్యాక గ్యాస్ పొయ్యీ చేరింది. అందరి దగ్గరా ఉన్నదాన్ని చూసి ఎవరినీ విడదీయలేం. ఈమధ్య సొసైటీ వస్తువుల లెక్క పక్కనపెట్టి, సంపాదించే మనిషి వృత్తితో పాటు ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివిన మగవారి చదువునూ, ఆడవారి చదువునూ విడివిడిగా చూసే పట్టిక తెచ్చింది. ఇంట్లో ఆడవాళ్లు ఏం చదువుకున్నారన్నదాన్ని బట్టి ఆ ఇంటి సరుకుల జాబితా మారుతుందని ఒప్పుకోవడానికి మన మార్కెట్ పరిశోధకులకు ఇన్నేళ్లు పట్టింది.

అయినా తరగతి చెప్పేది కొంతే. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే పెద్ద కుటుంబమూ, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే భార్యాభర్తలూ ఒకే పై తరగతిలో పడవచ్చు. మొదటి ఇంటికి పాతిక కిలోల సన్నబియ్యం బస్తాలు వరసగా దిగుతాయి, పచ్చళ్ల కాలంలో నూనె డబ్బాలు దిగుతాయి. రెండో ఇంటికి కిలో ప్యాకెట్టు యాప్‌లో వస్తుంది, పచ్చడి సీసాలో వస్తుంది. పట్టికలో ఒకే గడి, వంటింట్లో రెండు లోకాలు.

ఎవరు ఏ గుంపో షాపువాడు తేల్చనక్కర్లేకుండా కొనేవాళ్లే విడిపోయే ఏర్పాటు ఇంకొకటుంది. నా మటుకు అన్నిటికంటే తెలివైనది అదే. కిరాణా కొట్టులో గల్లాపెట్టె పైన వరసగా వేలాడే షాంపూ ప్యాకెట్లే దానికి ఉదాహరణ. కడలూరుకు చెందిన సి.కె.రంగనాథన్ 1983లో 15 వేల రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. షాంపూను సాషేలో పోసి అమ్మే ఆలోచనకు ఆద్యుడు ఆయన తండ్రి చిన్నికృష్ణన్. పెద్ద కంపెనీలు షాంపూ అంటే పట్నంలో సీసా కొనగలిగేవాళ్ల వస్తువనుకుంటున్న కాలంలో చిక్ బృందాలు పల్లెలకు వెళ్లి, బడిపిల్లలను కూర్చోబెట్టి తల రుద్ది చూపించాయి. ఖాళీ సాషేలు తెస్తే కొత్తది ఉచితమన్నాయి. 1990ల చివరికి ధర 50 పైసలకు దిగింది.

సాషే పేదవాళ్ల కోసమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. అసలు గీత పడింది పేద, ధనిక అని కాదు, డబ్బు చేతికి ఎలా వస్తుందన్న చోట. ఏ రోజు కూలి ఆ రోజు తీసుకునే ఇంట్లో నెలకు సరిపడా సీసా కొనడమంటే మిగతా ఖర్చులన్నీ ఆపుకోవడం. మన దేశంలో షాంపూకు మిల్లీలీటరు లెక్క వేస్తే చాలాసార్లు సీసా కంటే సాషేయే చవక. లెక్క తెలిసినా సీసా కొనేవాళ్లు సీసానే కొంటారు, రోజూ ప్యాకెట్టు చింపే ఓపిక వాళ్లకుండదు. ఒకే కంపెనీ ఒకే ద్రవాన్ని రెండు ధరలకు అమ్ముతోంది, ఎవరికీ ఫిర్యాదు లేదు.

మన ఆషాఢం సేల్స్ కూడా ఇలాంటివే. ఆషాఢంలో ముహూర్తాలుండవు, కొత్త కోడలు పుట్టింటికి వెళుతుంది, పట్టు చీర కదలదు. ఒకప్పుడు బట్టల షాపులకు ఇది ఈగలు తోలుకునే నెల. ఇప్పుడు చీరలను కాటాలో తూచి కిలోల లెక్కన అమ్మేదాకా వెళ్లిన సేల్స్ సీజన్. డిస్కౌంటు బోర్డు కింద జరిగేది ఏమిటంటే, ఆగగలిగినవాళ్లూ ఆగలేనివాళ్లూ విడిపోవడం. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్న ఇల్లు పెట్టుబడి చీరల మూట ఆషాఢంలోనే కట్టించుకుంటుంది. పెళ్లికూతురి చీర విషయంలో మాత్రం సెంటిమెంటు అడ్డొస్తుంది, శ్రావణం వచ్చాకే బయల్దేరుతారు, పూర్తి ధర ఇస్తారు. పాత స్టాకు ఖాళీ అవుతుంది, వరలక్ష్మీ వ్రతానికి కొత్త స్టాకు దిగుతుంది. మొత్తం ఏర్పాటుకు పంచాంగం తప్ప కంప్యూటర్ అక్కర్లేకపోయింది.

మన దేశంలో పెద్ద దుకాణాల వాళ్లలో జనాన్ని ఇలా దగ్గరగా చూసినవాడు కిశోర్ బియానీ. 2001లో కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో వారాల తేడాతో బిగ్ బజార్లు తెరిచాడు. దేశాన్ని ఆయన మూడు ముక్కలుగా చూశాడు. ఖర్చుపెట్టగలిగే ఇండియా వన్. వాళ్ల ఇళ్లలో, ఆఫీసుల్లో పనిచేసే డ్రైవర్లు, పనివాళ్ల ఇండియా టూ. రోజు గడవడమే కష్టమైన ఇండియా త్రీ. పాశ్చాత్య పద్ధతిలో విశాలమైన వరసలు, నిశ్శబ్దం, మెరిసే నేల పెడితే ఇండియా టూ గుమ్మంలోనే ఆగిపోతుందని గమనించాడు. వచ్చినవాళ్లు కూడా ఖాళీ వరసల్లో నడుచుకుంటూ వెళ్లిపోతున్నారు, బండిలో ఏమీ పడటం లేదు. దాంతో కావాలనే వరసలు ఇరుకు చేయించాడు, మలుపులు పెట్టించాడు, గోధుమలూ బియ్యమూ చేయిపెట్టి చూసుకునేలా లూజుగా పోయించాడు. మన సంత రద్దీని డబ్బు పెట్టి తయారు చేయించాడన్నమాట. జనాన్ని అంతగా చదివిన ఆ వ్యాపారం అప్పుల్లో కూరుకుపోయింది, 2022లో దాని దుకాణాలు చాలావరకు చేతులు మారాయి. ఆ పతనానికి కారణం అప్పు. కస్టమర్లను చదవడంలో ఆయన లెక్క తప్పలేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ కంటితో చూసో, అడిగో చేసిన విభజనలు. పాత కిరాణా షావుకారుకు ఏ పట్టికా అక్కర్లేదు. ఎవరికి ఒకటో తారీఖున జీతం, ఎవరు పంట అమ్మాక బాకీ తీరుస్తారు, ఎవరింట్లో చక్కెర వ్యాధి వచ్చి బెల్లం, చక్కెర కొనడం తగ్గింది, అన్నీ ఖాతా పుస్తకంలోనూ బుర్రలోనూ ఉండేవి. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ 'పిగ్లీ విగ్లీ' అనే కొట్టు తెరిచి, కస్టమరే ర్యాకుల మధ్య తిరిగి సరుకు తీసుకునే పద్ధతి పెట్టాడు. ఖర్చు తగ్గింది, అమ్మకం పెరిగింది, కానీ కౌంటరు దగ్గర కూర్చున్నవాడికి ఎదుటి మనిషి ఎవరో తెలియకుండా పోయింది. పోయిన ఆ ఎరుకను తిరిగి కొనుక్కోవడానికి సూపర్ మార్కెట్లకు దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. కొనుక్కున్నది ఒక ప్లాస్టిక్ కార్డుతో.

బ్రిటన్‌లో టెస్కో కంపెనీ అప్పటికి సెయిన్స్‌బరీస్ వెనక రెండో స్థానంలో ఉంది. క్లైవ్ హంబీ, ఎడ్వినా డన్ అనే భార్యాభర్తలు 1989లో 'డన్‌హంబీ' పేరుతో ఒక చిన్న డేటా సంస్థ పెట్టుకున్నారు. ఈ ఇద్దరినీ టెస్కో పిలిచి, కొన్ని స్టోర్లలో ప్రయోగాత్మకంగా ఇచ్చిన కార్డుల లెక్కలు చూడమంది. 1994 నవంబరులో వాళ్లు డైరెక్టర్ల ముందు తాము కనిపెట్టిన సంగతులు చెప్పాక, ముప్పై ఏళ్లలో తనకు తెలియని సంగతులు వాళ్లకు మూడు నెలల్లో తెలిశాయి, భయం వేస్తోందని ఛైర్మన్ ఇయాన్ మెక్‌లారిన్ అన్న మాట ఈ రంగంలో అందరికీ కంఠతా వచ్చు. 1995 ఫిబ్రవరిలో క్లబ్‌కార్డ్ దేశమంతా వచ్చింది. ఇది పాత స్టాంపుల పథకానికి ఎలక్ట్రానిక్ వేషమేనని సెయిన్స్‌బరీస్ అధిపతి తీసిపారేశాడు. ఆ ఏడాదే టెస్కో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది సెయిన్స్‌బరీస్ కూడా కార్డు తెచ్చింది.

కార్డుదారుకు దక్కింది ఖర్చులో దాదాపు 1 శాతం వాపసు, మూడు నెలలకోసారి ఇంటికి వచ్చే కూపన్లు. టెస్కోకు దక్కింది ప్రతి బిల్లుకూ ఒక పేరు, చిరునామా. అసలు తెలివి ఆ తర్వాత ఉంది. కొనేవాళ్ల వయసు, ఆదాయం అడగడం మానేసి, ర్యాకులో ఉన్న సరుకును వర్ణించడం మొదలుపెట్టారు. ఈ ప్యాకెట్టు చవకదా, ఖరీదైనదా? వండుకోవాలా, వేడిచేస్తే చాలా? కొవ్వు తక్కువదా? పెద్ద కుటుంబానికి సరిపడేదా? అందరూ కొనే మామూలు రుచా, కొత్తదనం కోరేవాళ్ల రుచా? ఇలా ఒక్కో సరుకుకూ గుణాలు రాసుకున్నాక, మనిషి గురించి విడిగా అడగాల్సింది పెద్దగా మిగల్లేదు. బుట్టలో పడిన సరుకుల గుణాలన్నీ కలిపితే అదే ఆ ఇంటి గుణం.

దీంతో ఏం చేశారో ఒక్క ఉదాహరణ చాలు. 1999లో అమెరికా కంపెనీ వాల్‌మార్ట్ బ్రిటన్‌లోని ఆస్దాను కొనుక్కుంది, ధరల యుద్ధం తప్పలేదు. ఏ సరుకు మీద ధర తగ్గించాలి? మామూలుగా తట్టేది అరటిపళ్లు, అందరూ కొంటారు కదా. డేటా చూస్తే అదే చిక్కని తేలింది. అందరూ కొనేదాని ధర తగ్గిస్తే, ధర పట్టించుకోని వాళ్లకు కూడా అనవసరంగా డబ్బు వదులుకున్నట్టు. పైసా పైసా చూసుకునేవాళ్లు తప్ప మిగతావాళ్లు ముట్టని సరుకేది? టెస్కో సొంత చవక బ్రాండు మార్జరిన్. కోత అలాంటి వాటి మీద పడింది. ఆస్దాకు పోయే ప్రమాదమున్న గుంపే నిలబడింది, మిగతావాళ్ల నుంచి వచ్చే లాభమూ నిలబడింది.

అయితే కార్డు ఉంటే గెలిచినట్టేనన్న నమ్మకం ఎక్కువ కాలం నిలవలేదు. 2008 మాంద్యం తర్వాత, జర్మనీకి చెందిన ఆల్డీ, లిడ్ల్ ఏ కార్డూ లేకుండా, తక్కువ రకాలు, తక్కువ ధర అన్న ఒక్క సూత్రంతో టెస్కో ఖాతాదారులను లాక్కున్నాయి. మన డీమార్ట్ కూడా పాయింట్ల కార్డు జోలికి పోకుండానే పెరిగింది. అది సెగ్మెంటేషన్ చేయలేదనుకోకండి. హంగులు, హోమ్ డెలివరీ కోరేవాళ్లను మొదట్లోనే వదిలేసి, నెల సరుకులు ఒక్కసారే తెచ్చుకుని నాలుగు డబ్బులు మిగుల్చుకునే ఇంటిని ఎంచుకుంది. ఎవరిని వదులుకోవాలో తేల్చుకోవడం కూడా ఈ విద్యలో భాగమే.

ఇక బిల్లుల కుప్ప నుంచి గుంపులు ఎలా బయటపడతాయో చూద్దాం. ఒక సూపర్ మార్కెట్లో ఐదువేల మంది కస్టమర్లున్నారనుకోండి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా నెలకు ఎన్నిసార్లు వచ్చారో, నిలువుగా బిల్లు సగటు ఎంతో వేస్తే ఒక్కో మనిషి ఒక్కో చుక్క. ఇప్పుడు కాగితం మీద ఎక్కడో అక్కడ మూడు గుండుసూదులు గుచ్చండి. ప్రతి చుక్కా తనకు దగ్గరగా ఉన్న సూది గుంపులో చేరుతుంది. తర్వాత ప్రతి సూదినీ తన గుంపు నట్టనడుమకు జరపండి. సూది జరిగింది కాబట్టి కొన్ని చుక్కలకు ఇప్పుడు వేరే సూది దగ్గరవుతుంది, అవి గుంపు మారతాయి. మళ్లీ సూదులు జరపండి. ఏ సూదీ కదలనక్కర్లేనప్పుడు ఆపేయండి. దీన్ని కె-మీన్స్ పద్ధతి అంటారు. 1957లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ లాయిడ్ టెలిఫోన్ సంకేతాల కోసం ఈ లెక్క వేశాడు. వెండెల్ స్మిత్ వ్యాసం వచ్చిన మరుసటి ఏడే. ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు.

పైన చెప్పినట్టు చేస్తే ఒక తప్పు దొర్లుతుంది. రాకపోకలు నెలకు 1 నుంచి 20 దాకా ఉంటే, బిల్లు 100 నుంచి 8,000 దాకా ఉంటుంది. దూరం లెక్కలో రూపాయల అంకె రాకపోకల అంకెను మింగేస్తుంది. అందుకే ముందు రెంటినీ ఒకే కొలతకు తేవాలి. తెచ్చాక, నెల మొదటి ఆదివారం ఆరేడు వేల బిల్లు చేసే ఇళ్లు ఒక గుంపు, రోజు విడిచి రోజు రెండు మూడొందలకు వచ్చేవాళ్లు ఇంకో గుంపుగా విడిపోతారు. శనివారం సాయంత్రం మాత్రమే వచ్చి, బియ్యం పప్పు ఎన్నడూ ముట్టకుండా నూడుల్స్, చిప్స్, కూల్‌డ్రింక్స్ తీసుకెళ్లే హాస్టలు కుర్రాళ్ల గుంపు ఈ రెండు కొలతల్లో కనబడదు. ఏం కొన్నారన్న మూడో కొలత చేరిస్తే బయటికొస్తుంది. అసలు పనిలో ఇలాంటి కొలతలు పదులకొద్దీ ఉంటాయి. ఎన్ని సూదులు గుచ్చాలో మాత్రం యంత్రం చెప్పదు, మనిషే చెప్పాలి. మూడంటే మూడు గుంపులిస్తుంది, తొమ్మిదంటే తొమ్మిది ఇస్తుంది. వాటికి 'పొదుపు కుటుంబాలు', 'తొందర జీవులు' అని పేర్లు పెట్టేది కూడా మార్కెటింగ్ వాళ్లే. పేరు పెట్టగానే ఆ గుంపు ప్రకృతిలో నిజంగా ఉన్నట్టు అనిపించడం ఈ వృత్తికి పట్టిన జబ్బు.

అమెరికాలో క్యాటలాగు చూసి పోస్టులో సరుకు తెప్పించుకునే కాలం నుంచీ వస్తున్న లెక్క ఇంకొకటి ఇప్పటికీ బాగా పనిచేస్తోంది. ఆఖరిసారి ఎప్పుడు వచ్చారు, ఎంత తరచుగా వస్తారు, ఎంత ఖర్చుపెడతారు. మూడింట్లో మొదటిదే ముఖ్యం. వారం వారం వచ్చే ఇల్లు మూడు వారాలు కనబడకపోతే ఇంకో షాపుకు మళ్లిందని అనుమానం, మూడు నెలలకోసారి వచ్చే ఇల్లు మూడు వారాలు రాకపోతే విశేషమేమీ లేదు. మొదటి ఇంటికే వంద రూపాయల తగ్గింపు మెసేజ్ వెళుతుంది. అలిగిన అల్లుడికే మర్యాదలెక్కువ అన్నట్టు, క్రమం తప్పకుండా వచ్చేవాళ్లకు ఏ కూపనూ రాదు. మీకు ఆఫర్లు రావడం లేదంటే షాపువాడికి మీ మీద నమ్మకం కుదిరిందన్నమాట.

అలవాటు మారే ఘడియ ఏదో ముందే పట్టుకోగలిగితే లాభం ఇంకా ఎక్కువ. ఇంట్లో బిడ్డ పుట్టే కాలం అలాంటిది. అమెరికాలోని టార్గెట్ సంస్థలో గణాంకవేత్త ఆండ్రూ పోల్ బృందం చేసిన పని గురించి 2012లో 'న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్'లో ఛార్లెస్ డుహిగ్ రాశాడు. కానుకల జాబితా ముందే షాపులో నమోదు చేసుకున్న కాబోయే తల్లుల బిల్లులు చూసి, ఏ నెలలో ఏం కొన్నారో గమనించారు. మొదటి నెలల్లో కాల్షియం, మెగ్నీషియం, జింక్ మాత్రలు, తర్వాత వాసన లేని లోషన్, పెద్ద పెద్ద దూది ప్యాకెట్లు. ఇలాంటి 25 సరుకుల ఆధారంగా మిగతా స్త్రీలకూ మార్కులు వేశారు. ఇంకా హైస్కూల్లో చదివే అమ్మాయికి ఉయ్యాల కూపన్లు వచ్చాయని తండ్రి షాపు మీదకు గొడవకు వెళ్లి, తర్వాత తానే తగ్గాడన్న కథ ఆ వ్యాసంతోనే ప్రపంచమంతా పాకింది. ఆ కథకు వేరే నిర్ధారణ లేదు. నాకు కథ కంటే లెక్క ముఖ్యం.

ఊహించిన అంకెలతోనే చూద్దాం. పదివేల మంది స్త్రీలలో 300 మంది గర్భిణులు అనుకోండి. యంత్రం వాళ్లలో వందకు 80 మందిని పట్టుకుంటుంది, అంటే 240. గర్భిణి కానివాళ్లలో వందకు ఐదుగురి విషయంలోనే పొరపడుతుంది. చాలా మంచి యంత్రమే. కానీ కానివాళ్లు 9,700 మంది, అందులో ఐదు శాతం 485. మొత్తం 725 మందికి కూపన్లు వెళ్తే సరిగ్గా చేరింది 240 మందికి. ప్రతి ముగ్గురిలో ఇద్దరి సంగతి తప్పు. షాపువాడికి ఇది అద్భుత ఫలితం, ఎందుకంటే కళ్లు మూసుకుని పంపితే వందకు మూడు తగిలేవి, ఇప్పుడు వందకు 33 తగులుతున్నాయి. పదకొండింతలు. తప్పిన 485 మంది కూపన్ చెత్తబుట్టలో వేసి ఊరుకుంటారు, వాళ్ల గురించి ఎవరూ వ్యాసం రాయరు.

సెగ్మెంటేషన్ గుంపు గురించి చెప్పే నిజం ఒక్కొక్కరి గురించి చెప్పే నిజం కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. డయాపర్ల కూపన్ తప్పుగా వస్తే నవ్వుకుంటాం. అదే లెక్కతో ఒకరికి అప్పు ఇవ్వొద్దనో, ఒకరికి బీమా ప్రీమియం పెంచాలనో తేలిస్తే నవ్వులాట కాదు. పైగా షాపులో బెల్లం కొనడం తగ్గిందని గమనించిన షావుకారు మన ఊరివాడు, మనకూ అతని సంగతులు తెలుసు, అవసరానికి అరువు కూడా ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ సంగతి ఏ సర్వర్లో ఉందో, ఎవరి చేతికి వెళ్లిందో కొన్నవాడికి తెలియదు. చీరల షాపువాడు "కట్టుకోడానికా, పెట్టడానికా" అని మొహం చూసి అడిగాడు, మనం చెప్పాం. అడగకుండా ఊహించడానికీ అడిగి తెలుసుకోవడానికీ తేడా చాలా పెద్దదని నేననుకుంటాను.

మన దేశంలో ఈ ఎరుకకంతటికీ తాళంచెవి కౌంటరులో అడిగే ఫోన్ నంబరు. బ్రిటన్‌లో కార్డు చేసిన పని ఇక్కడ పది అంకెలు చేస్తున్నాయి. ఈ నంబరు ఏళ్లతరబడి మారదు, మందుల షాపులోనూ బట్టల షాపులోనూ అదే ఇస్తాం కాబట్టి రెండు చోట్ల బిల్లులు కలపాలనుకునేవాళ్లకు ఇంతకంటే సులువైన దారి లేదు. బిల్లు ఇవ్వడానికి నంబరు చెప్పాల్సిందేనని పట్టుబట్టడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణదారులకు సూచన జారీ చేసింది. అదే ఏడాది ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. ఏ పనికి అడిగారో ఆ పనికే డేటా వాడాలని, ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలని ఆ చట్టం చెబుతోంది.

పాయింట్లు లాభమనిపిస్తే నంబరు ఇవ్వండి, తప్పేమీ లేదు. ఇచ్చే ముందు ఎందుకని ఒక్క మాట అడగండి, కౌంటరులో ఉన్న కుర్రాడి మీద విసుక్కోకుండా. ఇష్టం లేకపోతే "నంబరు ఇవ్వను, బిల్లు ఇవ్వండి" అంటే చాలు, ఇవ్వాల్సిందే. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.